సోలెడు తవుడు

హైదరాబాదులో అమెరికా కాన్సులేటు బయట, రోడ్డుకి ఇవతలి పక్కన ఎప్పుడూ కొంతమంది నిలబడి ఉంటారు. లోపలికి వెళ్ళినవాళ్ళ చేతిసంచులు, సెల్‌ఫోన్లు, మంచినీళ్ళ సీసాలు మోస్తూ, గేటు తెరుచుకున్నప్పుడల్లా మెడలు చాచి చూస్తుంటారు. మొన్న ఎండాకాలం నేనూ వాళ్ళలో చేరాను. లోపలికి వెళ్ళింది మా పెద్దమ్మ. నాలుగు నెలలు నా దగ్గర ఉండి వెళ్ళడానికి విజిటర్ వీసా అడగడానికి వచ్చింది. నేను అమెరికా నుంచి సెలవు పెట్టుకుని వచ్చి, పాలకొల్లు వెళ్ళి, ఆవిడను వెంటబెట్టుకొచ్చాను.

రైల్లో వస్తున్నంతసేపూ ఆవిడకి ఒకటే గాబరా.

"ఏమడుగుతారే?"

"ఎక్కడికెళ్తున్నారు, ఎందుకెళ్తున్నారు, ఎవరి దగ్గరికి వెళ్తున్నారు అంటారు."

"నీ దగ్గరికి అంటాను. నువ్వు నాకేమవుతావు అంటే?"

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, "అంతదాకా అడగరులే" అన్నాను. అడుగుతారని నాకు తెలుసు. మొట్టమొదట అడిగేదే అది. కానీ ఆ ప్రశ్నకి జవాబు నా నోటితో ఆవిడకి నేర్పడం నాకిష్టం లేకపోయింది. ఒకప్పుడు ఆ జవాబు చెప్పించడానికి మా ఇంట్లో రెండేళ్ళు పట్టింది. సంచి ఒళ్ళో పెట్టుకుని ఆ ఎండలో కూర్చున్నంతసేపూ నేను ఆ రెండేళ్ళ గురించే ఆలోచించాను.

మా అమ్మకి నాకన్నా ముందు ఇద్దరు పిల్లలు పుట్టి, పురిట్లోనే పోయారు. మూడోసారి నేను. మొగల్తూరు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో పుట్టాను. ఇద్దరు పోయాక పుట్టిన పిల్లని మా వైపు వాళ్ళు ఊరికే ఉంచుకోరు. తవుడుకి అమ్మేస్తారు. ఆ పిల్ల తమది కాదని, ప్రాణాలు పట్టుకుపోయే పైవాళ్ళని నమ్మించడానికి చేసే పని అది. నన్ను చేటలో పడుకోబెట్టి దొడ్డి గుమ్మం బయట పెంటకుప్ప పక్కన పెట్టారట. మా అమ్మ అక్క, అంటే మా పెద్దమ్మ, దారిన పోయే మనిషిలాగా ఆగి, "ఈ పిల్లెవరిదండీ, అమ్ముతారా?" అందిట. "ఎవరిదో మాకేం తెలుసమ్మా, సోలెడు తవుడిచ్చి పట్టుకుపో" అని మా అమ్మమ్మ. పెద్దమ్మ సోలెడు తవుడు చేటలో పోసి, నన్ను చంకనేసుకుని వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. నా పేరు కూడా ఆ బేరానికి తగ్గట్టే పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను. బళ్ళో పడ్డ అవస్థ చాలు.

మామూలుగా ఇలా అమ్మిన పిల్లల్ని నెల తిరక్కుండానే మళ్ళీ తవుడిచ్చి వెనక్కి కొనుక్కుంటారు. పేరొక్కటే మిగులుతుంది. మా ఇంట్లో ఆ రెండో సగం జరగలేదు. మా అమ్మ ఆసుపత్రిలో నర్సు, డ్యూటీకి వెళ్ళాలి. పెద్దమ్మకి పిల్లల్లేరు. పాలు మానేదాకా అన్నారు, తర్వాత నడక వచ్చేదాకా అన్నారు, ఈలోగా తమ్ముడు పుట్టాడు. వాడు నిక్షేపంలా ఉన్నాడు కాబట్టి బేరం పారిందని, దాన్ని కదిలిస్తే ఏమవుతుందోనని ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. అలా నేను పాలకొల్లులో పెద్దమ్మ పిల్లనై ఉండిపోయాను.

ఒక్క మాట చెప్పాలి. ఇక్కడ నేను వరస ప్రకారం రాస్తున్నాను. కన్నావిడ అమ్మ, కొన్నావిడ పెద్దమ్మ. పిలుపులు మాత్రం ఆ రోజుల్లో తలకిందులు. పెద్దమ్మని అమ్మా అని, పెదనాన్నని నాన్నా అని, మా అమ్మని పిన్నీ అని పిలిచేదాన్ని. అది అమ్మమ్మ పెట్టిన కట్టుబాటు. మా అమ్మ నన్ను పొరపాటున కూడా "నా కూతురు" అనకూడదు. అంటే వినేవాళ్ళు వింటారని అమ్మమ్మ భయం.

పెదనాన్నకి బజారు వెనక సందులో పశువుల దాణా కొట్టు ఉండేది, దాని వెనకాలే మా ఇల్లు. అప్పట్లో మా వీధిలో ఇంటికో గేదె ఉండేది, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఎడ్లబళ్ళు కూడా వచ్చేవి. తవుడు బస్తాలు, తెలకపిండి చెక్కలు, ఉలవలు, పత్తిగింజలు, రాతి ఉప్పు. కొట్లో అడుగు పెడితే గోనెసంచుల వాసన, నూనె చెక్క వాసన కలిసి ముక్కుకి పట్టేసేవి. మిల్లు నుంచి అప్పుడే వచ్చిన తవుడు వెచ్చగా ఉంటుంది. అందులో మోచేతి దాకా చెయ్యి పెట్టి కూర్చోవడం నాకు మహా ఇష్టం. తెలకపిండి చెక్క చిన్న ముక్క విరిచి, వంటింట్లోంచి ఎత్తుకొచ్చిన బెల్లంతో కలిపి నమిలేదాన్ని. పట్టుబడితే, "గేదెకి పెట్టేముందు బాగుందో లేదో చూస్తున్నాను నాన్నా" అనేదాన్ని. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నాట్ట నీలాంటివాడే, అని పెదనాన్న నవ్వి ఊరుకునేవాడు. పెద్దమ్మ ఊరుకునేది కాదు. ముందు వీపు మీద ఒకటి వేసి, తర్వాత కడుపులో నొప్పొస్తుందని వాము నమిలించేది.

ఆవిడకి కోపం ఎంతో తిండి పెట్టడం అంత. పొద్దున్నే కుంపటి మీద దిబ్బరొట్టె మూతపెట్టి కాల్చేది, అడుగు ఎర్రగా మాడీమాడనట్టు వచ్చేదాకా. దాన్ని చెరకుపానకంలో ముంచుకుని తినాలి. అడుగు చెక్కు నాకే. పెదనాన్న అడిగితే, "మీకు పళ్ళెక్కడున్నాయండీ" అనేది. ఉన్నాయి పాపం ఆయనకి.

వీధిలో పిల్లలు నన్ను తవుడు అని ఏడిపించేవాళ్ళు. నేను ఏడిచేదాన్ని కాదు. "మిమ్మల్ని ఊరికే కన్నారు. నన్ను డబ్బిచ్చినట్టు తవుడిచ్చి కొనుక్కున్నారు" అని ఎదురు చెప్పేదాన్ని. నిజంగానే నాకు అదొక గొప్పగా ఉండేది.

తమ్ముడు పాకే వయసులో మా నాన్న జ్వరంతో పోయాడు. తర్వాత అమ్మ తమ్ముణ్ణి అమ్మమ్మ దగ్గర వదిలి గల్ఫుకి వెళ్ళింది, అక్కడి నుంచి అమెరికాకి. నర్సులకి అప్పట్లో అక్కడ గిరాకీ. ఆవిడకి గ్రీన్‌కార్డు వచ్చేటప్పుడు పిల్లల్ని కూడా కలుపుకోవచ్చన్నారు. తమ్ముడు ఆసుపత్రిలో పుట్టాడు, వాడికి అమ్మ పేరు మీద జనన ధ్రువీకరణ పత్రం ఉంది. నేను ఇంట్లో పుట్టాను. నా పుట్టుక ఎక్కడా రాయించలేదు. బళ్ళో వేసేటప్పుడు పెదనాన్న తీసుకెళ్ళి తల్లీ తండ్రీ అన్నచోట తమ ఇద్దరి పేర్లూ చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పాలని చెప్పలేదు. తవుడుకి కొన్న పిల్లకి ఇంకెవరి పేరు చెబుతారు? రేషన్ కార్డులోనూ అంతే. అందుకని తమ్ముడు అమ్మ దగ్గరికి వెళ్ళాడు, నేను ఉండిపోయాను.

ఆదివారం మధ్యాహ్నం పక్కనున్న మందుల షాపుకి అమ్మ ఫోన్ చేసేది. షాపు కుర్రాడు గోడ మీంచి కేకేస్తే పెద్దమ్మ చెయ్యి తుడుచుకుంటూ పరిగెత్తేది, వెనకాలే నేను. అమ్మ అటునుంచి, "అక్కా, మీ అమ్మాయెలా ఉంది? బాగా చదువుతోందా మీ అమ్మాయి?" అని అడిగేది. అంత దూరం వెళ్ళినా కట్టుబాటు తప్పలేదు. రిసీవరు నాకిస్తే, "పిన్నీ, బాగున్నావా?" అనేదాన్ని. ఆవిడ అన్నం తిన్నావా అని అడిగేది. తమ్ముడు లాక్కుని, "అక్కా, ఇక్కడ మంచు పడింది తెలుసా?" అని అరిచేవాడు. వాడికి మాత్రం ఏ కట్టుబాటూ లేదు.

ఎవరైనా వస్తే పెట్టె పంపేది. సబ్బులు, చాక్లెట్లు, నాకో గౌను. ఆ గౌను ప్రతిసారీ పొట్టిదయ్యేది. అమ్మ మనసులో నేను ఎప్పుడూ రెండేళ్ళు చిన్నదాన్ని. పెద్దమ్మ దాన్ని నా ఒంటికి ఆనించి చూసి, "మా చెల్లి లెక్కలు ఎప్పుడూ ఇంతే" అని మడిచి బీరువాలో పెట్టేసేది.

నేను హైస్కూలు చివరికొచ్చేసరికి అమ్మ అక్కడి లాయరు చేత నా కోసం పిటిషను వేయించింది. ఇక్కడ కాగితాలు చూసిపెట్టడానికి ఒక రిటైర్డ్ గుమాస్తాగారిని కుదిర్చారు. పాస్‌పోర్టులు, గల్ఫు వీసాల పనులు చేసేవాడు. సన్నటి మనిషి, మాటకి ముందొక అండీ వెనకొక అండీ. మా అరుగు మీద కూర్చుని, పెద్దమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, మెల్లిగా విషయం చెప్పాడు.

"రక్తపరీక్ష లాంటిదొకటి చేస్తారండి. దాంట్లో మీ చెల్లెలిగారి పిల్లేనని తేలిపోద్దండి. దాంతో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా స్కూలు రికార్డండి. దాంట్లో తల్లి మీరు. అంటే దత్తత తీసుకున్నారేమో అంటారండి. దత్తత ఇచ్చేస్తే కన్నతల్లికి అడిగే హక్కుండదండి. అంచేత మీరు నోటరీ ముందు నిలబడి చెప్పాలండి. ఈ పిల్ల మా చెల్లెలి కూతురు, దత్తత తీసుకోలేదు, ఊరికే పెంచాను అని."

"ఊరికేనా?" అంది పెద్దమ్మ.

"అలా రాస్తారండి."

"ఊరికే ఎందుకు పెంచానండీ. సోలెడు తవుడిచ్చాను."

ఆయన పెదనాన్న వైపు చూశాడు. పెదనాన్న మజ్జిగ గ్లాసు వైపు చూశాడు.

"ఇరవయ్యొకటి దాటితే ఈ లైను మారిపోద్దండి. ఏళ్ళూ పూళ్ళూ పడద్ది. పిల్ల మైనరుగా ఉండగానే కానిచ్చేయాలండి" అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులు తర్జనభర్జన పడి, పెదనాన్న నచ్చజెప్పగా, పెద్దమ్మ సరేనంది. శుక్రవారం నోటరీ దగ్గరికి వెళ్దామనుకున్నారు. గురువారం నాకు జ్వరం వచ్చింది. ఉత్త జ్వరం కాదు, టైఫాయిడ్. మంచం దిగడానికి నెలన్నర పట్టింది. బార్లీనీళ్ళు, బ్రెడ్డు, తడిగుడ్డ. పెద్దమ్మ నా మంచం పక్కనే చాప వేసుకుంది. జుట్టు రాలిపోతే గుండు చేయించారు. కాగితాలాయన చూడటానికి వస్తే పెద్దమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"చూశారా? ఇంకా అననే లేదు. అందామనుకున్నందుకే ఇలాగైంది. నేనా మాటనను. మీరింక ఆ కాగితాలు పట్టుకుని మా గడప తొక్కకండి."

అంతే. ఆ ఏడాది గడిచింది, పై ఏడాది సగం గడిచింది. ఆదివారాల ఫోనులో అక్కచెల్లెళ్ళు పొడిపొడిగా మాట్లాడుకోవడం మొదలైంది. పెదనాన్న పని కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది. ఒకసారి ధైర్యం చేసి, "ఆ పిల్లకి మంచి చదువొస్తుంది కదే" అన్నాడు. "ప్రాణం పోయాక చదువెందుకండీ?" అంది పెద్దమ్మ.

మా అమ్మమ్మ అప్పటికి మా ఇంట్లోనే ఉండేది. మంచం మీద కూర్చుని తమలపాకులు దంచుకుంటూ అన్నీ వింటుండేది. "దీనికి భయమా, ఇవ్వడం ఇష్టం లేకా?" అని పెదనాన్న ఆవిడని అడిగితే, "రెండూనయ్యా. దేనికది విడదీయలేం" అంది.

నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో నాకూ తెలియదు. మంచు చూడాలని ఉండేది, తమ్ముణ్ణి చూడాలని ఉండేది. అమ్మకి నేనంటే ఎంత ఇష్టమో చూడాలని కూడా ఉండేది, ఎందుకంటే ఆవిడ ఒక్కసారీ చెప్పలేదు. పెద్దమ్మని వదిలి వెళ్ళడం అనే ఆలోచన వస్తే మాత్రం ఇంకో ఆలోచనలోకి పారిపోయేదాన్ని. వెళ్తే ఏమైపోతానో అన్న భయం నాకూ అంటుకుంది. అద్దంలో నాలుక చూసుకునేదాన్ని.

ఆ ఎండాకాలంలో అమ్మ చెప్పాపెట్టకుండా వచ్చింది. రాజమండ్రిలో రైలు దిగి, కారు మాట్లాడుకుని, మిట్టమధ్యాహ్నం మా గుమ్మంలో దిగింది. నేను కొట్టు గట్టు మీద కూర్చుని ఉలవల్లో రాళ్ళు ఏరుతున్నాను. ఎవరో మనిషి నా వైపే చూస్తూ నిలబడితే, "నాన్న భోజనానికెళ్ళారండి, కూర్చోండి" అన్నాను. ఆవిడ కూర్చుంది. నేను ఏరుతున్న చేటలో చెయ్యి పెట్టి, తనూ రెండు రాళ్ళు ఏరి పక్కన పడేసింది. "నేను, పిన్నిని" అంది. నా గుండు మీద జుట్టు అప్పటికి భుజాల దాకా వచ్చింది. దాని వైపు చూసింది గానీ తాకలేదు.

రెండు రోజులు ఇంట్లో అందరూ పెళ్ళివారిలా మర్యాదగా ఉన్నారు. పెద్దమ్మ పనసపొట్టు కూర చేసింది, ఉలవచారు కాచింది, అమ్మకి కొసరి కొసరి వడ్డించింది. కాగితాల మాట ఎవరూ ఎత్తలేదు. మూడోనాడు అమ్మ అమ్మమ్మ మంచం దగ్గర కూర్చుని అడిగింది.

"నేను ఆసుపత్రిలో రోజూ చావులు చూస్తున్నానమ్మా. ఈ నమ్మకాలేవీ నాకు లేవు. అయినా ఇన్నేళ్ళలో దాన్ని ఒక్కసారి కూతురని పిలవలేకపోయాను. ఏం చెయ్యమంటావు?"

"అక్క చేత సంతకం పెట్టిస్తే ఎలా వస్తుందే పిల్ల? కొన్నదాన్ని కొనుక్కోవాలి. అప్పుడు చెయ్యాల్సింది చెయ్యలేదు మీరు. నేనైనా చెప్పాల్సింది, చెప్పలేదు" అంది అమ్మమ్మ.

మర్నాడు పొద్దున్నే అమ్మ రిక్షా కట్టించుకుని ఊరి చివర రైసు మిల్లుకి వెళ్ళింది. పెదనాన్నకి ఇది నచ్చలేదు. "కొట్టు నిండా తవుడుంటే మిల్లుకెందుకండీ వెళ్ళడం? మనది బాగోలేదా?" అని అమ్మమ్మతో అన్నాడు.

"మన తవుడిచ్చి మన పిల్లనే కొనుక్కుంటారా ఎవరైనా? బేరమన్నాక పైసరుకు ఉండాలి" అంది అమ్మమ్మ.

పెద్దమ్మ దొడ్లో గేదె దగ్గర ఉంది. అమ్మ చేటనిండా తవుడు పోసుకుని, దొడ్డి గుమ్మం బయటి నుంచి వచ్చి నిలబడింది. నన్ను అమ్మమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వాళ్ళిద్దరి మధ్యా నిలబెట్టింది. అప్పటికి నేను పెద్దమ్మంత ఎత్తున్నాను. చేటలో పట్టే పిల్లని కాను. నాకు సిగ్గేసింది.

"అక్కా, ఈ పిల్లని అమ్ముతావా?" అంది అమ్మ.

పెద్దమ్మ పేడచేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. లోపలికి వెళ్ళి సోల తెచ్చింది. చేట ముందు గొంతుక్కూర్చుని, సోల నిండా తవుడు ముంచి, అరచేత్తో పైన చదును చేసింది. మిగిలినదంతా అమ్మ వైపు నెట్టేసింది.

"ఇది నువ్వు పట్టుకెళ్ళు. నేను సోలెడే ఇచ్చాను. నేనేం లాభానికి అమ్ముకోవట్లేదు."

అమ్మ ఏడుస్తోంది. పెద్దమ్మ ఏడవలేదు. సోలలో తవుడు కుడితిగోలెంలో పోసింది. గేదె రెండు గుక్కల్లో లాగించి, ఇంకా ఉందా అన్నట్టు తలెత్తింది. నా ఖరీదు అలా అయిపోయింది.

"ఊఁ, ఇంక పిలుచుకో" అంది పెద్దమ్మ.

అమ్మ నా దగ్గరికి వచ్చింది. ఏం పిలవాలో ఆవిడకి తోచలేదు. అన్నేళ్ళు దాచుకున్న మాట అడగ్గానే ఎక్కడి నుంచి వస్తుంది? చివరికి అలవాటు కొద్దీ నా నుదుటి మీద చెయ్యేసి చూసింది. "జ్వరమేం లేదక్కా" అంది, వెనక్కి తిరిగి. మా పెద్దమ్మకి కావలసిందీ ఆ మాటే.

తర్వాత వారం రోజులు పెద్దమ్మ నన్ను వదల్లేదు. పొద్దునా సాయంత్రం నాలుక చాపమనేది, కళ్ళు లాగి చూసేది. నాకేమీ కాలేదు. పైగా ఆకలి ఎక్కువైంది. వారం తర్వాత, "పదండి, వెళ్దాం" అని తనే బయల్దేరింది.

నోటరీ ఆఫీసు కోర్టు పక్కన ఒక రేకుల గది. కాగితాలాయన అన్నీ సిద్ధం చేశాడు. నోటరీగారు కళ్ళజోడు పైకి నెట్టి, "ఈ అమ్మాయి మీకేమవుతుందమ్మా?" అని అడిగారు. అది ఊరికే అడిగే మాట, కాగితంలో ఉన్నదే. పెద్దమ్మ నోరు తెరిచింది, మూసింది. ఆయన మళ్ళీ అడిగారు. పెదనాన్న చెప్పబోతే, "ఆవిడే చెప్పాలండీ" అన్నారు. నేను ఆవిడ పక్కనే ఉన్నాను. ఆవిడ నా వైపు చూడకుండా, గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ అంది.

"మా చెల్లెలి కూతురండి."

"దత్తత తీసుకోలేదు కదా?"

"లేదండి."

"ఊరికే పెంచారు."

"అంతేనండి."

సంతకం పెట్టింది. బయటికొచ్చాక దాహమంటే పెదనాన్న గోళీసోడా కొట్టించాడు. ఒక గుక్క తాగి నాకిచ్చేసింది. దారిలో నేను "అమ్మా" అని పిలిస్తే, "పెద్దమ్మా అనాలి. మద్రాసు వీసా ఆఫీసులో నోరు జారావంటే పనంతా పాడవుద్ది" అంది. ఇంటికెళ్ళేదాకా నా చేత పదిసార్లు అనిపించింది. బాగా అనేదాకా వదల్లేదు. బళ్ళో ఎక్కాలు కూడా అంత ఓపిగ్గా నేర్పలేదు ఆవిడ.

మిగతాదంతా సవ్యంగా జరిగింది. హైదరాబాదులో అప్పటికింకా కాన్సులేటు లేదు. మద్రాసులో దూదిపుల్లతో బుగ్గలోపల రాసి పరీక్షకి పంపారు. నేను మా అమ్మ పిల్లనేనని వచ్చింది, అదేదో కొత్త సంగతయినట్టు. మరుసటి ఏడాది వెళ్ళిపోయాను. వెళ్ళాక అమ్మతో ఇల్లు కుదురుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆవిడ మంచి మనిషి, నాకు ఏ లోటూ చెయ్యలేదు. ఇప్పటికీ పిలిచేది పిన్నీ అనే. ఒకసారి మార్చబోయాను. ఆవిడే, "వద్దులే, అదే అలవాటయింది నాకూ" అంది.

అమ్మమ్మ పోయింది. తర్వాత చాలా ఏళ్ళకి పెదనాన్న పోయాడు. వీధిలో గేదెలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడా కొట్లో సెల్‌ఫోన్లు బాగుచేస్తారు. పెద్దమ్మ వెనక రెండు గదుల్లో ఉంటుంది, ముందు భాగం అద్దెకిచ్చింది. నాకు అక్కడి పౌరసత్వం వచ్చాక, ఆవిడని నా దగ్గరే ఉంచుకుందామని లాయరుని అడిగాను. తల్లినీ తండ్రినీ పిలిపించుకోవచ్చట. తోబుట్టువులనీ పిలిపించుకోవచ్చట. పెద్దమ్మలకి దారి లేదు.

"ఆవిడే నన్ను పెంచింది" అన్నాను.

"చట్టప్రకారం దత్తత తీసుకున్నారా? చిన్నప్పుడు తీసుకుని ఉంటే తల్లి కింద లెక్క. అప్పుడు దారుంటుంది" అన్నాడు లాయరు.

తీసుకోలేదని ప్రమాణం చేసిన కాగితం నా ఫైల్లోనే ఉంది. ఆ కాగితం పట్టుకునే నేను ఆ దేశంలో అడుగు పెట్టాను. దాని వల్లే ఆవిడ పెట్టలేదు. ఈ సంగతి ఫోనులో పెద్దమ్మకి చెబితే, "పోనీలే, నాకెందుకే ఆ చలి, నాలుగు నెలలు చూసి వచ్చేస్తాను" అంది. నాకు మాత్రం అక్కసు తగ్గలేదు. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను. మా అందరి మీదా అనుకుంటాను. అందరం ఒకరి మంచి ఒకరం చూస్తూనే ఆ పని చేశాం.

పెద్దమ్మ గేటులోంచి బయటికొచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అటూ ఇటూ చూసుకుని, కార్లని ఆపమన్నట్టు చెయ్యి ఎత్తి, తన పద్ధతిలో రోడ్డు దాటింది. నేను ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. మంచినీళ్ళిస్తే గటగటా తాగింది.

"ఏమడిగారు?"

"తెలుగొచ్చిన అమ్మాయి ఒకత్తుందే పక్కన. అడిగినవన్నీ తెలుగులో చెప్పింది. మంచిపిల్ల."

"ఏమడిగారు పెద్దమ్మా?"

"ఎవరి దగ్గరికెళ్తున్నావంది, నీ పేరు చెప్పాను. నీకేమవుతుంది అంది. మా చెల్లెలి కూతురండి అన్నాను." నా భుజం మీద చెయ్యి వేసి చెప్పులోంచి రాయి దులుపుకుంటూ, "నోటరీ దగ్గర నోరు తిరగలేదు, గుర్తుందా? ఈసారి కష్టమేమీ అనిపించలేదే. అడిగీ అడగ్గానే అనేశాను" అంది, సంతోషంగా.

నాకు కష్టమనిపించింది. నడిరోడ్డు మీద, ఇంత వయసొచ్చి, ఎంత కష్టమనిపించిందంటే, వీసా ఇచ్చారో లేదో అడగడం కూడా మరిచిపోయాను.